నేలను చదువుట

ఇటలీ దేశమందలి పీసా నగరపు ఒరిగిన గోపురమును పటములోనైన చూడని విద్యార్థి అరుదు. దానిని చూచి మనము వింతపడుదుము. కాని ఆ వింత వెనుక ఒక పాఠ మున్నది.

1173లో ఆ గోపుర నిర్మాణ మారంభమైనది. అడుగున మెత్తని బంకమట్టి. పునాది లోతు సుమారు మూడు మీటర్లే. మూడవ అంతస్తు లేచునప్పటికే కట్టడము ఒరుగసాగినది. తరువాత పని సుమారు నూరేండ్లు నిలిచిపోయినది. ఆ విరామములో బరువుక్రింద మట్టి అణగి గట్టిపడుటచేతనే గోపురము కూలక మిగిలినదని ఇంజనీర్ల అభిప్రాయము. 1990లో ప్రమాదభయముచే దానిని మూసివేసిరి. ఉత్తరపువైపు పునాది క్రింది మట్టిని కొద్దికొద్దిగా తొలగించి, ఒరుగును కొంత తగ్గించి, 2001లో మరల తెరచిరి.

ఆనాటి శిల్పులను నిందింప పనిలేదు. మట్టిని పరీక్షించు శాస్త్రము అప్పటి కింకను పుట్టలేదు. నేడు మనకు ఆ సాకు లేదు.

బడి గాని, ఇల్లు గాని కట్టదలచినవారు కాగితముపై గీత గీయుటకు ముందే స్థలమునకు పోవలెను. వాన నీరు ఏవైపునకు పారును? ప్రక్క బావిలో వేసవిని, వానకారున నీటిమట్టము ఎంత? వరద ఎంతవరకు వచ్చెనో ఊరి పెద్దలను అడిగి తెలిసికొనవలెను. ఎండ యెటు, గాలి యెటు అని గమనింపవలెను. పొడుగు గోడలు ఉత్తర దక్షిణములకు ఎదురుగా నుండునట్లు తరగతిగది నమర్చినచో పడమటి యెండ బాధ తగ్గును.

అన్నిటికంటె ముఖ్యము మట్టి. మన సీమలలో నల్లరేగడి విస్తారము. ప్రత్తికి అది తల్లి. గోడకు మాత్రము పగ. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని బీటలువారును. పైపైని వేసిన పునాది ఆ కదలికతోపాటు కదలును, గోడ పగులును. ఇట్టి నేలలో, తేమ మారని లోతువరకు దిగి, అడుగుభాగమున ఉబ్బెత్తుగా నుండు కాంక్రీటు స్తంభములపై కట్టడము నిలుపుట నేటి పద్ధతి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఎండబెట్టి, నూరి, మెత్తగా జల్లించిన రేగడిమట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీలలో వేయుడు. ఒకదానిలో నీరు, వేరొకదానిలో, మంటకు దూరముగా, కిరసనాయిలు పోసి కలియబెట్టి, ఒక దినము కదల్పక ఉంచుడు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. రెండు జాడీలలోని మట్టి ఎత్తులకు గల భేదమే ఆ నేల స్వభావమును చెప్పును.

ఒక కుటుంబము జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము ఇంటి పునాదిలో ఉండును. బడి గోడల నడుమ ఊరి బిడ్డలందరు కూర్చుందురు. గుంట త్రవ్వి మట్టిని పరీక్షించుటకు పట్టు కొలది దినములు, కొలది వ్యయము దండుగ యని ఎవరేని అన్నచో, ఆ రెండు జాడీలను చూపుడు.