చిన్న ప్రాథమికోన్నత పాఠశాల – కర్షకుల కర్తవ్యము

1వ తరగతి మొదలు 7వ లేక 8వ తరగతి వఱకు గల సర్కారు బడి మన పల్లెల కాధారము. అందలి పై తరగతులకు బిడ్డల సంఖ్యయే ప్రాణము.

2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ననుసరించి, 6 మొదలు 8 వఱకు గల తరగతులలో 35 మందికి ఒక ఉపాధ్యాయుడైన నుండవలయును. పట్టీలో పేళ్లు తగ్గినచో ఉపాధ్యాయుని వేఱొక బడికి మార్తురు. అంతట కలిగినవారు తమ బిడ్డలను పట్టణమునకు పంపుదురు. పేళ్లు మఱింత తగ్గును. తుదకు తరగతులే ప్రక్క యూరికి తరలును. అంత దూరము పంపుటకు జంకి, తల్లిదండ్రులు మొదట మాన్పించునది ఆడపిల్లలనే.

అభివృద్ధియు లేకపోలేదు. మన ప్రాంతమున 2003లో ప్రాథమిక తరగతులకు ప్రారంభమైన మధ్యాహ్న భోజనము 2008లో పై తరగతులకును విస్తరించినది. వీరికి దినమునకు 150 గ్రాముల ధాన్యము నియతము. బడులను బాగుచేయుటకై ఆంధ్రప్రదేశమున 2019లో ‘నాడు–నేడు’, తెలంగాణమున 2022లో ‘మన ఊరు–మన బడి’ మొదలిడబడినవి. అయినను భోజనమును గోడలును బడికి వచ్చిన బిడ్డకే యుపకరించును గదా!

పత్తితీత, మిరపకోత, విత్తనపు పత్తిలో క్రాసింగు – ఈ పనులు వచ్చినపుడెల్ల పై తరగతుల బల్లలు ఖాళీయగుచున్నవి. ఈ తరగతులకు సంవత్సరమునకు 220 పనిదినములు విధింపబడినవి. అందు 50 దినములు పోయిన, ఐదింట నొక వంతునకు మించి చదువు పోయినట్లే. పత్తిచేనిలో పోగుంటలను పది దినములలోపల పూరింతుము. ఆలస్యముగా నాటిన మొక్క ప్రక్కవాని నీడలో గిడసబారునని మన మెఱుగుదుము. భిన్నములు నేర్చు నెలలో బడి మానిన బిడ్డ గతియు నట్టిదే.

14 ఏండ్లు నిండని వారిని పనిలో బెట్టుట 2016 నాటి చట్టసవరణచే సంపూర్ణముగా నిషిద్ధము. ఇంటి సేద్యమునకు తోడ్పడుట సైతము బడి వేళలు గడచిన పిమ్మట, లేదా సెలవులలో మాత్రమే చెల్లును.

బడి నిర్వహణ సంఘములో నాల్గింట మూడు పాళ్లు తల్లిదండ్రులే యుండవలయుననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలయుననియు శాసనము. ఇది మన సహకార సంఘమువంటిదే. సభ్యులు రాని సమావేశమున ఏ కార్యమును నెఱవేఱదు. కావున విత్తుటకు ముందే కూలీల లెక్క చూచుకొని, బడి వేళలో బిడ్డను చేనికి దింపరాదని ప్రతి సంఘమును తీర్మానింపవలయును. పిదప నెలకొకసారి హాజరుపట్టీని స్వయముగా చూడవలయును. మన బడి మన యూర నిలుచుటకు ఇదియే తొలి మెట్టు.