నిలిపి ఉంచిన వాహనాల్లో బ్యాటరీ చార్జి: పరీక్ష, పరిరక్షణ

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన తరువాత హైదరాబాదులోని హైదర్‌గూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపిన కార్లు వారాల తరబడి కదలలేదు. అంతకాలం నిలిచిన కారు స్టార్టు కాకపోవడానికి సాధారణ కారణం బ్యాటరీ చార్జి తరిగిపోవడమే. పల్లెలో ఇదే సమస్య ట్రాక్టరుకు ఎదురవుతుంది. యాసంగి పనులు ముగిశాక షెడ్డులో నిలిచిన ట్రాక్టరు తొలకరి వాన పడిన రోజున కదలకపోతే విత్తనానికి అనువైన పదును చేజారుతుంది. ఆ నష్టం బ్యాటరీ ధరతో తీరేది కాదు.

చార్జి ఎందుకు తగ్గుతుంది?

ఆధునిక కారులో ఇంజను ఆపిన తరువాత కూడా గడియారం, అలారం, కంట్రోల్ యూనిట్లు కొద్దిపాటి విద్యుత్తును వాడుకుంటాయి. ఈ వాడకం 30 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.72, నెలకు 21.6 ఆంపియర్ గంటల చార్జి ఖర్చవుతుంది. చిన్న కారులోని 35 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది సగానికి మించిన భాగం. పాత ట్రాక్టర్లలో ఇటువంటి పరికరాలు తక్కువే అయినా, బ్యాటరీ తనంతట తానే చార్జి కోల్పోతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం దాదాపు రెట్టింపవుతుంది. కనుక వేసవి నెలల్లో నిలిచిన బ్యాటరీకి ముప్పు ఎక్కువ.

చార్జి తగ్గినప్పుడు సీసపు పలకలపై లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది తిరిగి కరుగుతుంది. అదే స్థితిలో చాలాకాలం వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకల సామర్థ్యాన్ని శాశ్వతంగా తగ్గిస్తుంది. వాడకం లేని బ్యాటరీ అరకొర చార్జితోనే పాడవడానికి మూలం ఇదే.

పరీక్షించే విధానం

ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచాక మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. 12 వోల్టుల బ్యాటరీలో 12.6 లేదా అంతకు మించి ఉంటే పూర్తి చార్జి, 12.4 వద్ద సుమారు మూడు వంతులు, 12.2 వద్ద సగం ఉన్నట్లు భావించవచ్చు. 12.4 కంటే తగ్గితే చార్జి చేయడం మంచిది. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వోల్టులు కనిపించాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటరును, దాని బెల్టును, తీగల కలయికలను పరీక్షించాలి.

మూతలు తీయగల బ్యాటరీలో హైడ్రోమీటరు మరింత వివరం చెబుతుంది. పూర్తి చార్జి వద్ద ఆమ్ల ద్రవ సాంద్రత సుమారు 1.265, సగం వద్ద 1.190 ఉంటుంది. ఉష్ణ ప్రాంతాలకై తయారైన కొన్ని బ్యాటరీలలో పూర్తి చార్జి విలువ 1.240 దరిదాపుల్లోనే ఉంటుంది కనుక తయారీదారు సూచనను సరిచూసుకోవాలి. ఒక గదికి, మిగిలిన వాటికి మధ్య తేడా 0.050 దాటితే ఆ గది దెబ్బతిన్నట్లు అనుమానించాలి.

చార్జిని నిలిపే మార్గాలు

వారానికొకసారి ఇంజనును ఐదు నిమిషాలు నడిపితే చాలుననే అభిప్రాయం లెక్కకు నిలవదు. ఆ ఐదు నిమిషాల్లో బ్యాటరీకి 10 ఆంపియర్లు అందాయనుకున్నా చేరేది 0.83 ఆంపియర్ గంటలే. పై ఉదాహరణలోని కారులో వారానికి ఖర్చయ్యేది 5. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు నెగటివ్ తీగను విప్పి, నెలకొకసారి వోల్టేజి చూసి, అవసరమైతే చార్జరుతో నింపడం మేలు. సాధారణ చార్జింగుకు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు సరిపోతుంది. 80 ఆంపియర్ గంటల బ్యాటరీకి 8 ఆంపియర్లు.

ద్రవం తగ్గితే స్వేదన జలమే పోయాలి. బోరు నీటిలోని లవణాలు, ఇనుము పలకలకు హాని చేస్తాయి, ఆమ్లం కలపకూడదు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఉంచాలి. టెర్మినళ్లపై పేరుకున్న పొడిని తినే సోడా నీటితో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ పూయాలి. ఎగుడుదిగుడు పొలాల్లో తిరిగే ట్రాక్టరులో బ్యాటరీ బిగింపు వదులైతే పలకలు దెబ్బతింటాయి.

విస్తరణ కార్యక్రమాల్లో

ట్రాక్టరు నిర్వహణ శిక్షణలో ఇంజను నూనె, ఫిల్టర్లతో పాటు మల్టీమీటరు, హైడ్రోమీటరు వాడకాన్ని రైతుల చేతనే చేయించాలి. మే చివరి వారంలో, అంటే తొలకరికి ముందే, బ్యాటరీ తనిఖీ జరిగేలా కృషి విజ్ఞాన కేంద్రాలు కార్యక్రమం రూపొందించవచ్చు. పనికిరాని బ్యాటరీలను పెరట్లో పగలగొట్టనీయరాదు. సీసం నేలను, నీటిని కలుషితం చేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని డీలరుకు అప్పగించమని రైతులకు చెప్పాలి.