ఊసరవెల్లికి చీకటి ఎందుకు కావాలి?

ఊసరవెల్లి అనగానే రంగులు మార్చే జంతువు అని మనకు తోస్తుంది. మాట నిలకడ లేనివారిని దానితో పోల్చడం వాడుకలో ఉన్నదే. కాని ఈ జంతువు ప్రతి రాత్రీ తప్పకుండా చేసే రంగుమార్పు ఒకటి ఉన్నది. దానిని గమనించినవారు తక్కువ. చీకటి పడి నిద్రపోగానే దాని ఒళ్లు పాలిపోతుంది. పగలు ఆకులలో కలిసిపోయి కంటికి దొరకని ఊసరవెల్లి, రాత్రి టార్చిలైటు వెలుగులో కొమ్మ చివర తెల్లగా కనిపిస్తుంది. అందుచేతనే వీటిని లెక్కించే పరిశోధకులు రాత్రిపూట వెదుకుతారు.

ఈ పాలిపోవడానికీ, నిద్రకూ, వెలుతురుకూ గల సంబంధం ఏమిటి? రాత్రంతా దీపం వెలుగుతూ ఉంటే ఈ జంతువుకు ఏమవుతుంది? దీపాలు ఆరని నగరాలలో నివసించే మనకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

ఏది ఊసరవెల్లి?

కంచెలమీద తల ఊపుతూ కనిపించే తొండనే చాలామంది ఊసరవెల్లి అంటారు. ఈ రెండూ వేరు. తొండ చురుకుగా పరుగెత్తుతుంది. ఊసరవెల్లి ఊగుతూ మెల్లగా నడుస్తుంది. దాని వేళ్లు రెండు కట్టలుగా చీలి పట్టకారువలె కొమ్మను పట్టుకొంటాయి. తోక కొమ్మకు చుట్టుకొంటుంది. రెండు కళ్లూ రెండు దిక్కులకు తిరుగుతాయి. మన దేశపు ఊసరవెల్లిని శాస్త్రజ్ఞులు కమీలియో జైలానికస్ అంటారు. నల్లమల అడవులలోనూ, మెట్టప్రాంతపు పొదలలోనూ ఇది ఉంటుంది. దీనికి విషం ఉన్నదనే నమ్మకం నిజం కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టడం, పెంచడం నేరం. నగరాలలో కొందరు పెంచేవి యెమెన్ ఊసరవెల్లి వంటి విదేశీ జాతులు. అటువంటి వాటిని కూడా 2024లో వచ్చిన నియమాల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి.

వెలుతురును గుర్తించే చర్మం

ఊసరవెల్లి వెలుతురులో నల్లబడుతుందనీ, చీకటిలో పాలిపోతుందనీ వియన్నాకు చెందిన ఎర్నెస్ట్ బ్రూకె 1852లోనే వర్ణించాడు. నిద్రపోతున్న ఊసరవెల్లి మీద ఒక ఆకు నీడ పడేటట్లు దీపం పెడితే, వెలుతురు తగిలినంత మేర చర్మం నల్లబడుతుంది. నీడ పడిన చోట మాత్రం తెల్లగానే ఉంటుంది. ఒంటిమీద ఆకు బొమ్మ అచ్చు పడినట్లుంటుంది! అనగా కళ్లు మూసుకొని ఉన్నా, చర్మం వెలుతురును గుర్తిస్తున్నదన్నమాట.

చర్మంలో నల్లని రేణువులు గల కణాలు ఉంటాయి. ఆ రేణువులు కణమంతటా పరచుకొంటే ఒళ్లు నల్లబడుతుంది. కణం నడుమకు చేరి ముద్దకడితే తెల్లబడుతుంది. నీటికుండలో సిరా చుక్క కరిగిపోవడం, కరగకుండా అడుగున ఉండిపోవడం వంటిదే ఈ తేడా.

కప్ప చర్మం చెప్పిన రెండు రహస్యాలు

చర్మపు రంగుకూ నిద్రకూ గల సంబంధం అనుకోని విధంగా బయటపడింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు ఉండేవాడు. పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి రసం తగిలితే కప్ప చర్మం తెల్లబడుతుంది. అందులో ఏ పదార్థం ఈ పని చేస్తున్నదో ఆయన వెదికి, 1958లో వేరుచేశాడు. దానికి మెలటోనిన్ అని పేరు పెట్టాడు. ఈ హార్మోను రాత్రిపూట ఎక్కువగా ఊరుతుందనీ, రాత్రి వెలుతురు తగిలితే తగ్గిపోతుందనీ తరువాత తెలిసింది. చేప మొదలు మనిషి వరకు వెన్నెముక గల జంతువులకు ‘ఇది రాత్రి’ అని ఒంటికి తెలియజేసే దండోరా ఇదే.

రెండవ రహస్యం కూడా కప్ప చర్మం నుండే వచ్చింది. 1998లో ఇగ్నేషియో ప్రొవెన్సియో, ఆయన సహచరులు కప్ప చర్మపు వర్ణక కణాలలో వెలుతురును గ్రహించే ఒక ప్రొటీనును కనుగొన్నారు. దాని పేరు మెలనాప్సిన్. కొద్ది కాలానికే అది మన కంటి రెటీనాలో కూడా ఉన్నదని తేలింది. మనం ఆకారాలను చూడడానికి అది ముఖ్యం కాదు. పగలా, రాత్రా అని మెదడులోని గడియారానికి చెప్పడమే దాని ప్రధానమైన పని. సుమారు 480 నానోమీటర్ల నీలికాంతికి అది బాగా స్పందిస్తుంది.

బల్లిజాతి జంతువులలో మరొక విశేషం ఉన్నది. వాటి పీనియల్ గ్రంథి స్వయంగా వెలుతురును గుర్తించగలదు. తొండ వంటి వాటికి నడినెత్తిన పొలుసు క్రింద ‘మూడవ కన్ను’ కూడా ఉంటుంది. కనుక ముందున్న కళ్లు మూసుకొన్నంత మాత్రాన వాటికి రాత్రి కాదు.

నిద్ర అంటే ఊరక పడి ఉండడం కాదు

సరీసృపాల నిద్ర ఒట్టి మత్తు అని చాలాకాలం అనుకొన్నారు. 2016లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జీల్ లోరాన్ బృందం తొండకు బంధువైన ఒక ఆస్ట్రేలియా జంతువు మెదడులోని విద్యుత్ తరంగాలను నిద్రలో కొలిచింది. మనకువలెనే దానికి గాఢనిద్ర, కనుగుడ్లు కదిలే నిద్ర రెండూ ఉన్నవని తెలిసింది. మనకు ఈ ఆవృత్తి సుమారు గంటన్నర. దానికి సుమారు 80 సెకన్లు మాత్రమే. ఒక్క రాత్రిలో దాదాపు 350 ఆవృత్తులు సాగుతాయి. తొండల కుటుంబమూ, ఊసరవెల్లుల కుటుంబమూ దగ్గరి చుట్టాలు.

మాసబ్ ట్యాంకులో రాత్రి

హైదరాబాదులోని మాసబ్ ట్యాంకు ఒకప్పుడు నిజంగా చెరువే. ‘మా సాహెబా తాలాబ్’ అనే పేరే వాడుకలో ఇట్లా మారింది. నేడు చెరువు లేదు. రోడ్లు, వంతెన, అంగళ్లు, ఎత్తైన ఇళ్లు ఉన్నవి. నిండుపున్నమి వెన్నెల లక్స్ అనే కొలతలో సుమారు పావువంతు. వీధిదీపం క్రింద వెలుతురు తరచు 10 లక్స్‌లకు పైగా ఉంటుంది. అనగా పున్నమికి నలభై రెట్లు. పైగా తెల్లని ఎల్.ఇ.డి. దీపాలలో నీలికాంతి పాలు ఎక్కువ. ఇట్టి రోడ్డువైపు కిటికీ దగ్గర పంజరం ఉంచితే, అందులోని జంతువుకు అమావాస్య అంటూ ఉండదు.

కొందరు రాత్రి ఎర్ర బల్బు పెడతారు. సరీసృపాలకు ఎరుపు కనబడదని వారి నమ్మకం. ఇది పొరపాటు. ఊసరవెల్లి రెటీనాలో రంగులు చూసే శంకుకణాలే ప్రధానం. ఎరుపు దానికి కనబడుతుంది. చలికి దీపం కావాలని మరికొందరి వాదన. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దగ్గరకు దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద యెమెన్ ఊసరవెల్లి దీనిని తట్టుకొంటుంది. 2010లో ఆండర్సన్, డెబన్ అనే పరిశోధకులు 15 డిగ్రీల చలిలో దాని నాలుకను పరీక్షించారు. నాలుక లోపలికి లాగుకొనే వేగం బాగా తగ్గింది గాని, విసిరే వేగం కొద్దిగానే తగ్గింది. వంచిన విల్లువలె ముందుగా బిగించిన శక్తితో అది నాలుకను విసురుతుంది. అందుచేత చల్లని ఉదయం కూడా పురుగును పట్టగలదు. జబ్బుపడిన దానికి వేడి అవసరమైతే వెలుతురు లేని సెరామిక్ హీటరు వాడవచ్చు.

సారాంశం ఏమనగా: పగలు 12 గంటలు అతినీలలోహిత కిరణాలతో కూడిన మంచి వెలుతురు, రాత్రి 12 గంటలు పూర్తి చీకటి, నిశ్శబ్దం. కిటికీకి మందమైన తెర వేయాలి. రాత్రి ‘నిద్రపోయిందా’ అని దీపం వేసి చూడరాదు. పగటిపూట కళ్లు మూసుకొని కునుకుతూ ఉంటే జబ్బుగా అనుమానించి పశువైద్యుని వద్దకు తీసుకొని పోవాలి.

విద్యార్థులకు ఒక పని

జీవగడియారాన్ని చూడడానికి జంతువును పంజరంలో పెట్టనక్కరలేదు. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మైరాన్ అత్తిపత్తి మొక్కను చీకటిగదిలో ఉంచాడు. ఎండ తగలకపోయినా అది వేళకు ఆకులు విప్పి, వేళకు ముడిచింది. మన రోడ్ల ప్రక్కన నిద్రగన్నేరు చెట్లు కూడా సాయంత్రం ఆకులు ముడుస్తాయి. వీధిదీపానికి ఆనుకొన్న కొమ్మ ఒకటి, అదే చెట్టుకు చీకటివైపున్న కొమ్మ ఒకటి ఎన్నుకోండి. ఒక నెలపాటు ఆకులు ఏ వేళకు ముడుస్తున్నవో, ఏ వేళకు విప్పుతున్నవో వ్రాసిపెట్టుకోండి. రెండు కొమ్మలకూ తేడా ఉన్నదా, లేదా? ఏది తేలినా ఆ పట్టికను ఉపాధ్యాయుల సహాయంతో తరగతిలో చర్చించండి. ఆ తరువాత మీరు పడుకొనే గదిలో రాత్రి ఎన్ని దీపాలు వెలుగుతున్నవో కూడా ఒకసారి లెక్కించండి.