రెసిడెన్సీ మెట్లెక్కిన చదువు

హైదరాబాద్‌ కోఠీలో బస్సుల హోరు దాటి మహిళా కళాశాల ఆవరణలోకి వెళ్తే, ముందు చూపును లాగేసేవి స్తంభాలు. మొత్తం ఆరు. ఒక్కొక్కటి దాదాపు 40 అడుగుల ఎత్తు. వాటి నెత్తిన ఈస్టిండియా కంపెనీ చిహ్నం, మెట్లకు అటొకటి ఇటొకటి సింహాలు. కంపెనీ దర్పం చాటడానికే కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ ఇది. సొమ్ము మాత్రం నిజాం ఖజానాది!

1798లో రెసిడెంట్, అంటే నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ దీన్ని కట్టించాడు. మద్రాస్ ఇంజినీర్స్‌కు చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. స్థలం కోసం కిర్క్‌ప్యాట్రిక్ తెచ్చిన పటం ఎంత పెద్దదంటే, నిజాం అలీఖాన్ చూసీ చూడగానే కాదన్నాడట. అదే పటాన్ని చిన్న కాగితం మీదికి కుదించి తెస్తే సంతోషంగా ఒప్పుకున్నాడట. ఈ ముచ్చట రాసిపెట్టినవాడు కిర్క్‌ప్యాట్రిక్ సహచరుడు జాన్ మాల్కమ్.

భవనం వెనుక తోటలో దీనికే బుల్లి నమూనా ఒకటుంది. కిర్క్‌ప్యాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా పరదా దాటి ముందువైపుకు రాలేదు కనుక, ఆమె చూసుకోవడానికి దాన్ని చేయించాడని చెబుతారు. ఆమె నివసించిన రంగ్ మహల్‌ను 1860లో తర్వాతి దొరలు కూల్చేశారు. కిర్క్‌ప్యాట్రిక్ అయితే 1805లోనే కలకత్తాలో కన్నుమూశాడు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం ఈ రెసిడెన్సీ మీదికే దూకారు. ఆ తిరుగుబాటు అణిగిపోయింది. మౌల్వీని అండమాన్‌కు పంపారు, తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేశారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహిళా కళాశాల ఇక్కడికి మారింది. దొరలు కొలువుదీరిన దర్బారు హాల్లో ఆడపిల్లలు పాఠాలు విన్నారు. నా దృష్టిలో ఈ భవనం చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అదే. తర్వాత భవనం శిథిలమవుతూ వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి సాగిన మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది, పేరు చాకలి ఐలమ్మది. భూమి కోసం భూస్వామ్య దొరలను ఎదిరించిన మనిషి పేరు ఈ ఆవరణకు దక్కడం ఎంతో సబబు.

ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడక దూరమే. చదువుకునే పిల్లల ఆవరణ కనుక, సందర్శన వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.