బడిగంటకు ముందే ఇంట్లో సిద్ధం కావాలి

వేసవి సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లో తోటల వెంట, చెరువుగట్ల వెంట తిరిగారు. రాత్రి పదింటికి నిద్ర, పొద్దెక్కాక మేలుకోవడం అలవాటైంది. రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ రోజు ఒక్కసారిగా నిద్ర లేపి పంపితే చిన్నపిల్లలు మారాం చేయడం సహజమే.

అందుకే వారం, పది రోజుల ముందు నుంచే రోజుకు పావుగంట చొప్పున ముందుగా పడుకోబెట్టాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 గంటలు తగ్గకుండా నిద్ర అవసరం. పడుకునే ముందు సెల్‌ఫోను ఇవ్వరాదు. సంచి, బట్టలు రాత్రే ఒకచోట పెట్టిస్తే పొద్దున వెతుకులాట ఉండదు. బడిలో మధ్యాహ్న భోజనం ఉన్నా చద్దన్నమైనా తినిపించి పంపాలి. ఖాళీ కడుపుతో పాఠం తలకెక్కదు.

బడులు తెరిచే రోజులే ఏరువాక రోజులు. చంటిపిల్లను చూడమనో, మేకల వెంట వెళ్లమనో పెద్దపిల్లను, అందులోనూ ఆడపిల్లను, "నాలుగు రోజులే కదా" అని ఆపేస్తుంటారు. ఆ నాలుగు రోజులే నెలవుతాయి. పాఠాల్లో వెనుకబడిన పిల్ల సిగ్గుపడి బడికే దూరమవుతుంది. మూడేళ్లు నిండిన పసివారిని అంగన్‌వాడీకి పంపితే పెద్దపిల్ల చదువు ఆగదు. 6 నుంచి 14 ఏళ్ల వరకు ఉచిత విద్య పిల్లల హక్కని 2009 నాటి చట్టం చెబుతోంది.

ఏడ్చే పిల్లలను కొట్టి పంపరాదు. మొదటి వారం తాతో, నాయనమ్మో వెంట వెళ్లి దిగబెడితే భయం పోతుంది. అదను తప్పిన విత్తు ఎలాంటిదో, జూన్‌లో తప్పిన చదువూ అలాంటిదేనని తల్లిదండ్రులు గుర్తించాలి.