దూరదర్శినికి తక్కువ ఆవర్ధనపు నేత్రకటకము

దూరదర్శినిని కొనదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?" అని. అమ్మువారికిని ఈ ప్రశ్న యిష్టమే. పెట్టెమీద పెద్ద సంఖ్య నొకదానిని అచ్చువేసిన చాలును. అట్టి పరికరము పాఠశాలకు వచ్చిన రాత్రి, ఉన్నవానిలో మిక్కిలి బలమైన నేత్రకటకమును తగిలించి విద్యార్థులను వరుసగా నిలుపుదురు. చంద్రబింబములో ఒక ముక్క వణకుచు కనబడి, వంతు వచ్చిన పిల్లవాడు కన్ను సర్దుకొనులోపలనే జారిపోవును. కృత్తికలను చూపబోయిన ఒకటి రెండు చుక్కలు తప్ప మరేమియు కానరావు. నాలుగు రాత్రులు గడచునప్పటికి పరికరము బీరువా చేరును. తప్పు దర్పణమునందు లేదు. తక్కువ ఆవర్ధనపు నేత్రకటకము లేకపోవుటయే లోపము.

ఒక ఉదాహరణము తీసికొందము. 150 మి.మీ. వ్యాసము, 1200 మి.మీ. నాభ్యంతరము గల ప్రధాన దర్పణముతో చేసిన న్యూటన్ దూరదర్శిని ఔత్సాహికుల చేతిలో తరచుగా కనబడునదే. దర్పణ నాభ్యంతరమును నేత్రకటక నాభ్యంతరముచే భాగించిన ఆవర్ధనము వచ్చును. 10 మి.మీ. నేత్రకటకముతో 120 రెట్లు, 32 మి.మీ. దానితో 37.5 రెట్లు. సాధారణమైన ప్లోసెల్ నేత్రకటకములో కన్ను పెట్టి చూచినపుడు వృత్తము 50 డిగ్రీల వెడల్పున కనబడును. దానిని ఆవర్ధనముచే భాగించిన, ఆకాశములో మనము నిజముగా చూచుచున్న మేర తెలియును. 120 రెట్ల వద్ద అది 0.42 డిగ్రీ మాత్రమే. చంద్రుడే అర డిగ్రీ! 37.5 రెట్ల వద్ద సుమారు 1.3 డిగ్రీలు వచ్చును. పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికలలోని ప్రకాశవంతమైన నక్షత్రములు సుమారు ఒక డిగ్రీ మేర పరచుకొని యున్నవి. అవన్నియు ఈ వృత్తములో ఇముడును. గెలీలియో 1609-10 నాటి తన 20 రెట్ల గొట్టముతో చంద్రుని ఒక్కసారిగా పూర్తిగా చూడజాలకపోయెను. ఆయనకు వేరు దారి లేదు. మనకు కలదు.

వెడల్పు ఒక్కటే లాభము కాదు. ఓరియన్ నీహారిక వంటి పరచుకొన్న వస్తువును పెద్దది చేసినకొలది దాని వెలుగు ఎక్కువ వైశాల్యమునకు పంచబడును. 37.5 నుండి 120 రెట్లకు పోయిన బొమ్మ పొడవు వెడల్పులు 3.2 రెట్లు, వైశాల్యము పది రెట్లు అగును. కావున ప్రతి భాగపు కాంతియు పదవ వంతునకు దిగిపోవును. మందమైన నీహారికలు "కనబడుట లేదు" అనువారిలో చాలమంది నిజమునకు వానిని ఆర్పివేసినవారే.

అట్లయిన ఆవర్ధనమును ఇంకను తగ్గించుకొనుచు పోవచ్చునా? పోరాదు. కారణము మన కంటిలోనే యున్నది. పగటివేళ దూరదర్శినిని సూర్యునికి ఎదురుగా, చాల దూరముగా త్రిప్పి ఆకాశము వైపు పెట్టుడు (సూర్యుని వైపు ఎన్నడును చూపరాదు, కన్ను పోవును). నేత్రకటకమునకు ఒక అడుగు దూరమున నిలిచి చూచిన, దాని వెలుపల చిన్న వెలుగు బిళ్ళ గాలిలో తేలుచున్నట్లుండును. దర్పణము సేకరించిన వెలుగంతయు ఈ బిళ్ళగుండ పోవలసినదే. దాని వ్యాసము దర్పణ వ్యాసమును ఆవర్ధనముచే భాగించినంత: 32 మి.మీ. నేత్రకటకముతో సరిగా 4 మి.మీ. పలుచని గ్రాఫు కాగితమును అడ్డుపెట్టి విద్యార్థులచే కొలిపింపవచ్చును.

చీకటిలో అరగంట గడచిన పిదప యౌవనములోని కనుపాప సుమారు 7 మి.మీ. వరకు విచ్చుకొనును, వయసు మీరిన కొలది అది 5 మి.మీ.కు, కొందరిలో అంతకును తక్కువకు, పరిమితమగును. వెలుగు బిళ్ళ కనుపాపకంటె పెద్దదైన మిగిలిన వెలుగు కనుపాప చుట్టునున్న నల్లగుడ్డుమీద పడి వృథాయగును. మన ఉదాహరణములో 7 మి.మీ. బిళ్ళ కావలెనన్న 56 మి.మీ. నేత్రకటకము కావలెను. ఆ విద్యార్థికి అది సరిపోవచ్చును గాని, 5 మి.మీ. కనుపాపగల ఉపాధ్యాయుడు చూచునపుడు దర్పణములో 107 మి.మీ. భాగమే పనిచేయును, వెలుగులో దాదాపు సగము పోవును. మరియొక చిక్కు కూడ కలదు. న్యూటన్ దూరదర్శినిలో చిన్న అడ్డదర్పణపు నీడ ఆ బిళ్ళ నడుమ నల్ల చుక్కగా నుండును. నిండు చంద్రుని చూచునపుడు కనుపాప ముడుచుకొనును. అప్పుడు ఆ నల్ల చుక్క దృశ్యము మధ్యకు వచ్చి విసిగించును.

అంగడిలో 40 మి.మీ. ప్లోసెల్‌ను చూచి, 32 కంటె ఇది ఎక్కువ ఆకాశమును చూపునని భ్రమపడుట సులభము. గొట్టపు వ్యాసము 1.25 అంగుళములు, అనగా 31.75 మి.మీ.; దానిలో ఇమిడెడి వలయము సుమారు 27 మి.మీ.కు మించదు. ఆకాశపు మేరను నిర్ణయించునది ఆ వలయమే. 32 మి.మీ. నేత్రకటకము ఆ హద్దును ఇంచుమించు చేరుకొన్నది. అందుచేత 40 మి.మీ. దానిలో ఆకాశము పెరుగదు. అదే ఆకాశము ఇంకను చిన్నదిగా, ఇరుకు కిటికీలోనుండి చూచినట్లు కనబడును. ఇంకను విశాలముగా చూడవలెనన్న 2 అంగుళముల గొట్టము కావలెను. దాని వెల వేరు.

పట్టణములలో మరియొక విచారము. దీపకాంతితో తెల్లబడిన ఆకాశము కూడ పరచుకొన్న వస్తువే. తక్కువ ఆవర్ధనములో అదియు ప్రకాశించును. నక్షత్రములు బిందువులు కనుక ఆవర్ధనము కొంత పెంచినను మసకబారవు, వెనుకనున్న ఆకాశము మాత్రము నల్లబడును. కావున పట్టణపు బడికి 25 మి.మీ. (48 రెట్లు, ఒక డిగ్రీ) మేలని నా అభిప్రాయము. పల్లెకు నిస్సంశయముగా 32. కెల్నర్ రకము చవక. నాభ్యంతరము వ్యాసమునకు ఎనిమిది రెట్లుగల ఇట్టి దూరదర్శినిలో అదియు బాగుగనే పనిచేయును. ఐదు రెట్లు మాత్రమే యున్న పొట్టి గొట్టములలో అంచు నక్షత్రములకు రెక్కలు మొలచును. హ్రస్వదృష్టి కలవారు కళ్ళద్దములను తీసి, నాభిని సర్దుకొని చూడవచ్చును.

కొన్న నేత్రకటకము చెప్పినంత ఆకాశమును చూపుచున్నదో లేదో గడియారముతో తేల్చవచ్చును. ఓరియన్ అను వేటగాని నడుమున వరుసగా నున్న మూడు నక్షత్రములలో మొదట ఉదయించునది మింటకా. అది ఖగోళ మధ్యరేఖకు మిక్కిలి దగ్గరగా నున్నది. కావున నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున జరుగును. దూరదర్శినిని కదలింపక, నక్షత్రము వృత్తపు నడిమిగా ఒక అంచునుండి రెండవ అంచునకు పోవు కాలమును లెక్కింపవలెను. 32 మి.మీ. నేత్రకటకముతో అది ఇంచుమించు 5 నిమిషముల 10 సెకండ్లు పట్టవలెను.