1857లో బోయిన్‌పల్లి చుట్టుపక్కల ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్ బోయిన్‌పల్లి నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల లారీల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, కూరగాయల మార్కెట్ దగ్గర్లోనే ఉంది.

మన దగ్గర గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఒక పద్ధతిలో చదువుతారు. సంవత్సరం, పక్కన ఒక ముక్క. 1857 అనగానే సిపాయిల తిరుగుబాటు, మీరట్, మే 10. టిక్ పెట్టేసి పక్క పేజీకి వెళ్ళిపోతారు. అందుకే చాలామందికి ఏం మిగిలిపోయిందంటే, ఆ గొడవంతా ఉత్తరాదిది, మన దక్కన్ నిశ్శబ్దంగా ఉంది అని. నేను కూడా కాలేజీ రోజుల్లో అలాగే రాశాను, మార్కులు కూడా వేశారు!

సరే, ముందు జాబితాలో ఉండే విషయాలు గబగబా చెప్పేస్తాను. ఫిబ్రవరి 22న జర్మనీలో హైన్‌రిక్ హెర్ట్జ్ పుట్టారు. రేడియో తరంగాలు ఉన్నాయని ప్రయోగం చేసి చూపించింది ఆయనే. అదే రోజు లండన్‌లో స్కౌట్స్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పుట్టారు. మార్చి 23న న్యూయార్క్‌లో ఓటిస్ కంపెనీ మనుషులు ఎక్కే మొదటి లిఫ్ట్ ఒక దుకాణంలో పెట్టింది. మే 23న గణిత శాస్త్రవేత్త కోషీ పోయారు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు ఆ పేరు వింటే ఇప్పటికీ కొంచెం భయం వేస్తుంది అనుకోండి. సెప్టెంబర్ 5న ఫ్రాన్స్ తత్వవేత్త ఆగస్ట్ కోమ్ట్ పోయారు, అదే తేదీన మద్రాస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి అక్కడి తెలుగువాళ్ళు డిగ్రీ అంటే మద్రాస్ వైపే చూశారు. మన వైపు ఉస్మానియా రావడానికి ఇంకా 61 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మే నెలకు వద్దాం. మే 10 మీరట్. మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. ఆ పిల్లాడి సంగతి తర్వాత చెప్తాను, గుర్తుపెట్టుకోండి. మే 16న హైదరాబాద్‌లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా చనిపోయారు. చూడండి, ఆరు రోజుల తేడా అంతే. ఉత్తరాన మంట అంటుకుంది, ఇక్కడ గద్దె మీద మనిషి మారాడు. కొత్త నిజాం అఫ్జలుద్దౌలా. దివాన్‌గా సాలార్ జంగ్ ఉన్నారు, అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. కోఠిలో ఇంగ్లీషు రెసిడెంట్ కర్నల్ డేవిడ్సన్. నిజాం గనక చేజారితే మనకు అంతా పోయినట్టే అని బొంబాయి గవర్నర్ ఆయనకు తంతి కొట్టారని చరిత్రకారులు తరచుగా చెప్తారు.

ఇంగ్లీషువాళ్ళకు అంత భయం ఎందుకంటే, సైన్యం ఇక్కడే ఉంది. సికింద్రాబాద్‌లో కంపెనీ సైన్యం, బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంట్. మా బోయిన్‌పల్లి కూడా ఈ కంటోన్మెంట్ ప్రాంతంలోదే. బొల్లారంలో అయితే రెండేళ్ళ ముందే, 1855 సెప్టెంబర్‌లో, మొహర్రం ఊరేగింపు విషయంలో గొడవై బ్రిగేడియర్ కోలిన్ మెకంజీని సొంత సిపాయిలే కత్తులతో నరికారు. చావు తప్పి బయటపడ్డాడు. కాబట్టి ఇక్కడ ఏమీ లేదు, అంతా ప్రశాంతం అన్నమాట అస్సలు కుదరదు.

ఇక అసలు ఘట్టం. కంటింజెంట్‌లో చీదా ఖాన్ అని ఒక జమేదార్. తిరుగుబాటుదారుల మీదికి వెళ్ళమంటే వెళ్ళనని, కొంతమందిని వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చేశాడు. ఇక్కడ ఆశ్రయం దొరుకుతుందనుకున్నాడు. సాలార్ జంగ్ పట్టుకుని రెసిడెంట్‌కు అప్పగించేశారు. నగరం భగ్గుమంది. జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక జనం పోగయ్యారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు, వెనక ఐదు వందల మంది దాకా రొహిల్లాలు. రెసిడెన్సీ ఎదురుగా ఉన్న షావుకార్ల ఇళ్ళలోకి చేరి కాల్పులు మొదలుపెట్టారు. కానీ సాలార్ జంగ్ ముందే కబురు పంపేశారు, లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా పోరాటం. తెల్లారేలోపు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ తెల్లారిన రోజు, జూలై 18, బొంబాయి విశ్వవిద్యాలయం ఏర్పడిన తేదీ. జాబితాల్లో ఆ రోజుకు అదే రాస్తారు.

"నువ్వేమన్నా పెద్ద తుర్రుమ్ ఖాన్‌వా?" అని మన హైదరాబాద్‌లో అంటాం కదా. ఆ మాట ఈయన పేరు మీదుగానే వచ్చిందని చెప్పుకుంటారు. మనం వెక్కిరింపుగా వాడేస్తున్నాం గానీ...

కొద్దిరోజుల్లోనే తుర్రెబాజ్ ఖాన్ దొరికిపోయారు. యావజ్జీవ ద్వీపాంతరం, అంటే అండమాన్ శిక్ష. కానీ 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నారు. తల మీద 5000 రూపాయల బహుమానం పెట్టారు. వారం తిరక్కుండానే, జనవరి 24న, తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి అందరికీ కనిపించేలా వేలాడదీశారు. తూప్రాన్ ఎక్కడో కాదండీ. ఇదిగో, మా ముందున్న ఈ నాగ్‌పూర్ హైవేనే సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ దాటి తూప్రాన్ వెళ్తుంది. కారులో గంట ప్రయాణం. ధాబాల దగ్గర ఆగి చాయ్ తాగుతాం, ఆ ఊరికి ఈ కథ ఉందని మాత్రం తెలీదు. మౌల్వీ అల్లావుద్దీన్ కొంతకాలం తప్పించుకు తిరిగారు, చివరికి ఆయన్నూ పట్టుకుని అండమాన్ పంపారు. అక్కడే పోయారు.

సాలార్ జంగ్ ద్రోహా, తెలివా అని కామెంట్లలో కొట్టుకుంటారని నాకు తెలుసు. నా ఉద్దేశం చెప్తాను. రాజ్యాన్ని కాపాడుకున్నారు, అది నిజం. 1860 ఒప్పందంలో రాయచూర్, ధారాశివ్ నిజాంకు తిరిగొచ్చాయి, 50 లక్షల అప్పు మాఫీ అయింది. అయితే నమ్మి వచ్చిన జమేదార్‌ను అప్పగించడం కూడా ఆ లెక్కలోదే. రెండూ కలిపి చదవాలి.

ఇప్పుడు అల్మోరాలో పుట్టిన ఆ పిల్లాడు. పేరు రొనాల్డ్ రాస్. ఎనిమిదేళ్ళప్పుడు ఇంగ్లండ్ పంపారు, డాక్టర్ అయి సైన్యంలో వైద్యుడిగా తిరిగొచ్చాడు. నలభై ఏళ్ళ వయసులో ఎక్కడ తేలాడో తెలుసా? మన పక్కనే, బేగంపేటలో. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటున్నది అందుకే. 1902లో నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగానికి దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారట. ఆయన ఏ సంవత్సరం జననాల్లోనూ, మరణాల్లోనూ కనిపించరు. జూలై 17 రాత్రి రెసిడెన్సీ ముందు పడిపోయినవాళ్ళూ అంతే. తుర్రెబాజ్ ఖాన్‌ది ఇంకో ఇబ్బంది, పోరాడింది 1857లో, పోయింది 1859లో, దాంతో 1857 మరణాల్లో ఆయన పేరు ఉండదు.

ఈ ఆదివారం వీలుంటే రెండు చోట్లకు వెళ్ళి రండి. ఒకటి కోఠి. రెసిడెన్సీ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది, బయట తుర్రెబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు కూడా ఉంది. రెండోది బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర రాస్ పనిచేసిన భవనం. సాయంత్రం దాకా ఉండకండి, అక్కడ దోమలు బాగా ఉంటాయి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో 1858, సురపురం రాజా వెంకటప్ప నాయకుడి కథతో కలుద్దాం.